ట్యాగ్ చేస్తే ఫిర్యాదు చేసినట్టేనా? ప్రభుత్వ ఖాతాల వెనక జరిగే పని

మా పై అంతస్తులో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉంటారు. మొన్న వానలకి మా సందు మొదట్లో కాలువ మీద పలక విరిగిపోతే, ఆయన ఫొటో తీసి ఒక ఆఫీసు ఖాతాని ట్యాగ్ చేసి ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెట్టారు. పది నిమిషాల్లో రిప్లై వచ్చేసింది. మీ సమస్యను సంబంధిత విభాగానికి పంపాం అని, చివర్లో చేతులు జోడించిన బొమ్మ. మాస్టారు చాలా సంతోషపడ్డారు. మూడు వారాలైంది, పలక మాత్రం పడలేదు. చీకట్లో బండివాళ్లకి కనిపించాలని ఎవరో ఆ కన్నంలో ఎండిన కొబ్బరి మట్ట గుచ్చి, దానికి ఎర్ర కవరు కట్టారు. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి అడిగారు: "ఇంతకీ ఇది రిజిస్టర్ అయినట్టా, కానట్టా?"

విశాఖలో ఇప్పుడు ఈ ప్రశ్న చాలామందికి ఉంది. కలెక్టర్‌కి ఖాతా ఉంది, నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఉంది, సిటీ పోలీసులకి ఉంది, కరెంటువాళ్లకి ఉంది. వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు వస్తున్నాయి. ఇన్ని దారులు తెరుచుకున్నాక ఏ దారిలో వెళ్తే పని జరుగుతుందో తెలియక జనం అన్ని తలుపులూ తడుతున్నారు. అటువైపు ఆఫీసుల్లోనూ ఇదే టెన్షన్. మాస్టారి ప్రశ్నకి జవాబు దొరకాలంటే ముందు కొన్ని మాటల్ని విడదీసుకోవాలి.

ఒకే ఫోన్‌లో నాలుగు వేర్వేరు పనులు

"ప్రభుత్వం సోషల్ మీడియా వాడుతోంది" అన్న ఒక్క మాట కింద నాలుగు పనులు కలిసిపోయాయి.

మొదటిది ప్రకటన. ఫలానా రోజు నీళ్లు రావు, ఫలానా రోడ్డు మూసేశారు, స్కూళ్లకి సెలవు. పాత రోజుల్లో దండోరా వేసేవాళ్లు, తర్వాత నోటీసు బోర్డు వచ్చింది, ఇప్పుడు పోస్టు. రెండోది ఫిర్యాదు. ఇది జనం నుంచి ఆఫీసుకి వెళ్లేది, పైగా పది మందీ చూస్తుండగా వెళ్లేది. మూడోది సేవ. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్ ఈ కోవలోకి వస్తుంది. ఇందులో మనం పంపేది ఇంకెవరికీ కనిపించదు. అంటే ఇది గోడ మీద రాత కాదు, కౌంటర్. వాట్సాప్‌లో ఉంది కాబట్టి సోషల్ మీడియా అంటున్నాం గానీ స్వభావంలో మీసేవ కిటికీకి దగ్గర. నాలుగోది ఆఫీసు లోపలి కబురు: పై అధికారి సిబ్బంది గ్రూపులో పెట్టే మెసేజ్.

ప్రకటనకి కావలసింది వేగం, స్పష్టత. ఫిర్యాదుకి నంబరు కావాలి. సేవకి గోప్యత కావాలి. లోపలి కబురుకి అధికారం, రికార్డు కావాలి. ఒకదానికి పనికొచ్చే కొలతతో ఇంకోదాన్ని కొలిచినప్పుడే తికమక మొదలవుతుంది. ప్రకటనకి వెయ్యి లైకులు వస్తే మంచిదే. ఫిర్యాదు కింద రిప్లైకి వెయ్యి లైకులొచ్చినా పలక పడదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ప్రభుత్వ సంస్థలు సోషల్ మీడియాను ఎలా వాడాలో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ విభాగం 2012లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎందుకు వాడుతున్నారో ముందు తేల్చుకోండి, తర్వాతే ఏ వేదికో ఎంచుకోండి, జవాబు ఎవరివ్వాలో ముందే నిర్ణయించండి, ముందు చిన్నగా మొదలుపెట్టి చూడండి అన్నది దాని సారం. ఆచరణలో చాలాచోట్ల ఇది తలకిందులైంది. ముందు ఖాతా తెరిచి, ఎందుకు తెరిచామో తర్వాత ఆలోచిస్తున్నారు.

రిప్లై వేరు, రసీదు వేరు

ఇప్పుడు మాస్టారి పలక దగ్గరికి వద్దాం. ఆయనకి వచ్చింది రిప్లై. రావలసింది రసీదు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే అది కంప్యూటర్లోకి ఎక్కుతుంది, ఒక నంబరు పడుతుంది, ఆ నంబరు ఒక అధికారి పేరు కిందికి వెళ్తుంది. ఆయన దాన్ని మూసేదాకా అది పెండింగ్ కిందే కనిపిస్తుంది. పై అధికారి రివ్యూ చేసేది ఆ జాబితానే. ట్వీట్ ఆ జాబితాలో లేకపోతే, పరిపాలన లెక్కలో ఆ ఫిర్యాదు లేనట్టే. సమాచార హక్కు చట్టం కింద రేపు దరఖాస్తు పెట్టినా నంబరుంటే "దీని మీద ఏం చర్య తీసుకున్నారు" అని సూటిగా అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. నంబరు లేకపోతే ఏ ఫైలు వెతకాలన్న దగ్గరే కథ ఆగిపోతుంది.

అలాగని ట్యాగ్ చేయడం దండగ అనడానికి లేదు. కొన్ని ఆఫీసుల్లో సోషల్ మీడియా చూసేవాళ్లే ఆ ఫిర్యాదుని సిస్టమ్‌లో ఎక్కించి నంబరు రిప్లైలో పెడతారు. అక్కడ రిప్లై, రసీదు ఒకటే అవుతాయి. తేడా అంతా ఆ ఒక్క అంకెలో ఉంది.

దీనికి ఇంకో చిక్కు ఉంది, అది విశాఖకి మరీ ఎక్కువ. ఈ ఊళ్లో రోడ్డు ఎవరిదో చెప్పడం అంత తేలిక కాదు. వీధి రోడ్డు, కాలువ జీవీఎంసీవి. వీధిలో కరెంటు తీగ తెగితే ఈపీడీసీఎల్. జాతీయ రహదారి అయితే ఎన్‌హెచ్‌ఏఐ. పోర్టు రోడ్లు పోర్టువి, రైల్వే కాలనీలు వాల్తేరు డివిజన్‌వి, ఉక్కునగరం స్టీల్‌ప్లాంట్‌ది. ఎన్‌ఏడీ జంక్షన్ ఫ్లైఓవర్ కట్టింది మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ. నేవీ ప్రాంతం సంగతి సరేసరి. బండి మీద వెళ్తూ గుంతలో పడ్డవాడు ఇవన్నీ ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడు? అతను తనకి తెలిసిన ఒక్క ఖాతానే ట్యాగ్ చేస్తాడు. చాలాసార్లు అది తప్పు ఖాతా అవుతుంది.

ఆఫీసు వైపు నుంచి ఇది ఎలా కనిపిస్తుందో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. పెద్ద వాన పడ్డ రోజు ఒక ఖాతాకి 200 ట్యాగులు వచ్చాయనుకోండి. అందులో 60 ఒకే రోడ్డు మీద నిలిచిన నీళ్ల గురించి. 50 వేరే శాఖలవి. 40 ఫొటోల్లో అది ఏ వీధో లేదు. 30 పొగడ్తలు, తిట్లు. మిగిలినవి 20, దేనికవే కొత్త సమస్యలు. ఆ 60 కలిపి ఒకే పని. అంటే 200 ట్యాగుల్లో తేలిన పని 21. అడ్రసు అడిగి కనుక్కోవలసినవి 40. దారి మళ్లించవలసినవి 50.

"200కి 200 రిప్లై ఇచ్చాం" అని ఒక ఆఫీసు చెప్పింది. "21 నమోదు చేశాం, 15 పూర్తయ్యాయి, మిగతా ఆరు ఎందుకు ఆగాయంటే ఇదీ కారణం" అని ఇంకో ఆఫీసు చెప్పింది. మొదటి మాట బాగా వినిపిస్తుంది. నన్నడిగితే నమ్మదగింది రెండోది. రోజంతా కూర్చుని నమస్కారాలు టైప్ చేసే కుర్రాడు నిజంగానే కష్టపడతాడు. ఆ కష్టం రోడ్డు మీదికి చేరే దారి మాత్రం వేరేగా వేసుకోవాలి.

అడిగినవాడికే ముందా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ నిజముంది. అడగందే అమ్మయినా పెట్టదు కాబట్టి, నలుగురి ముందూ అడిగితేనే కదులుతారన్నది మొదటి వాదన. దీనికి రుజువులు లేకపోలేదు. సురేశ్ ప్రభు రైల్వే మంత్రిగా ఉన్న 2014-17 రోజుల్లో రైల్లోంచి ట్వీట్ చేస్తే తర్వాతి స్టేషన్‌లో సాయం అందిన ఉదంతాలు చాలా వచ్చాయి. విదేశాంగ మంత్రిగా సుష్మా స్వరాజ్ పరాయి దేశాల్లో చిక్కుకున్నవాళ్లకి ట్విట్టర్‌లోనే జవాబిచ్చేవారు. రైల్వేలో ఆ తర్వాత 139 నంబరు, రైల్ మదద్ పేరుతో నంబరు పడే ఫిర్యాదు పద్ధతి స్థిరపడింది. మంత్రి చొరవగా మొదలైన పని వ్యవస్థగా మారడమంటే ఇదే.

నోరున్నవాడిదే రాజ్యం అవుతుందన్నది రెండో వాదన. సిరిపురంలో ఫ్లాటున్న ఉద్యోగి ఒక ఫొటో పెడితే సాయంత్రానికి మనిషొస్తాడు. కంచరపాలెంలో కొండవాలు ఇంట్లో ఉండే పెద్దావిడ సోమవారం ఆటోకి డబ్బులు పెట్టుకుని వచ్చి, లైన్లో నిలబడి అర్జీ ఇస్తుంది. ఇద్దరికీ ఉన్నది అదే కాలువ సమస్య. ఉన్న లారీ ఒక్కటే అయినప్పుడు అది సిరిపురం వెళ్తే కంచరపాలెం ఆగుతుంది. ఒక ఫీల్డ్ ఉద్యోగి నాతో అన్న మాట ఇది: "సార్, వైరల్ అయిన గుంత ముందు పూడ్చమంటారు. లోతైన గుంత వేరే చోట ఉంటుంది."

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ట్యాగూ, సోమవారం అర్జీ, ఫిర్యాదుల నంబరు 1100కి చేసే కాల్ అన్నీ ఒకే జాబితాలోకి వెళ్లి, ఆ జాబితాలో వరస సమస్య తీవ్రతని బట్టి ఉంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. దారులు ఎన్నయినా ఉండొచ్చు, క్యూ ఒక్కటే ఉండాలి.

మాస్టారు ఏం చేశారో కూడా చెప్పాలి. సోమవారం వెళ్లి అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. ఆ నంబరుని తన పాత పోస్టు కిందే రాశారు. ఆ వారంలో ఇద్దరు మనుషులొచ్చి కన్నానికి టేపుతో కొలత తీసుకుని వెళ్లారు.

ఖాతా మనిషిదా, కుర్చీదా?

కలెక్టర్ బదిలీ అయితే కారు, బంగళా, ఫైళ్లు తర్వాత వచ్చేవారికి వెళ్తాయి. ఖాతా సంగతేమిటి? హోదా పేరుతో ఉంటే పాస్‌వర్డ్‌తో సహా అప్పగించాలి. సొంత పేరుతో నడిపి ఉంటే లక్షల మంది ఫాలోవర్లు, వాళ్ల ఫిర్యాదులు, పాత హామీలు అన్నీ ఆ మనిషితో పాటే వెళ్లిపోతాయి. కొత్తగా వచ్చినవారు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

ఇది ఢిల్లీలోనే ఒకసారి రచ్చకెక్కింది. 2014 మేలో ప్రభుత్వం మారేటప్పుడు ప్రధాని కార్యాలయం ట్విట్టర్ ఖాతా పేరు మార్చి, పాత పోస్టుల్ని ఆర్కైవ్‌గా పక్కన పెట్టబోయారు. ఖాతా దేశానిది, వచ్చే ప్రభుత్వానికి అప్పగించాలి అని అభ్యంతరాలు రావడంతో చివరికి అప్పగింత జరిగింది.

మనిషి, కుర్చీ కలిసిపోతే హక్కుల సమస్య కూడా వస్తుంది. విమర్శించిన పౌరుణ్ణి అధికారి బ్లాక్ చేయొచ్చా? అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఒక నగర మేనేజరు తన ఫేస్‌బుక్ పేజీలో ఇంటి ముచ్చట్లూ ఆఫీసు విషయాలూ కలిపి రాసేవారు. విమర్శించిన ఒకాయన్ని బ్లాక్ చేశారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే 2024 మార్చిలో కోర్టు రెండు ప్రశ్నలు వేసుకోమంది. ఆ అధికారికి ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం నిజంగా ఉందా? ఆ పోస్టులో ఆయన ఆ అధికారాన్నే వాడుతున్నారా? రెండింటికీ అవునని జవాబొస్తేనే అది ప్రభుత్వ చర్య. మన కోర్టులకి ఆ తీర్పు శిరోధార్యం కాదు గానీ, ఆ రెండు ప్రశ్నలు మన అధికారుల పేజీలకీ అచ్చంగా సరిపోతాయి. రోజంతా బూతులు తిట్టేవాణ్ణి భరించాలా అని అధికారులు అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. బూతు వ్యాఖ్యని దాచడం వేరు. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పే ఖాతాని ఒక మనిషికి కనిపించకుండా చేయడం వేరు.

ఉద్యోగి సొంత ఖాతాలో ఏం రాయొచ్చన్నది దీనికి ఇంకో కొస. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. పత్రికల్లో రాయడం, సభల్లో మాట్లాడటం ఎరిగిన రోజుల్లో రాసుకున్న నియమాలు ఇప్పుడు స్టేటస్‌లకీ షేర్లకీ వర్తిస్తున్నాయి. 2020లో త్రిపుర హైకోర్టు, ఒక మహిళా ఉద్యోగి ఫేస్‌బుక్ పోస్టు కేసులో, ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన వాక్ స్వాతంత్ర్యం పోదని చెప్పింది. చట్టబద్ధమైన హద్దులు మాత్రం ఉంటాయి.

గ్రూపులో వచ్చిన మాట ఆర్డరేనా?

వార్డు సచివాలయం ఉద్యోగి ఫోన్‌లో పది ఆఫీసు గ్రూపులు ఉండటం మామూలే. ఉదయం ఆరింటికే శానిటేషన్ ఫొటోలు పెట్టాలి, పింఛన్ల రోజు లెక్కలు పెట్టాలి. గ్రూపు వల్ల పని వేగంగా సాగుతుంది, నిజమే. కానీ అక్కడ "చేసేయండి" అన్న మాట రేపు ఆడిట్‌లో కాగితంగా నిలబడదు. అందుకే వాట్సాప్‌లో చెప్పినదాన్ని ఆ తర్వాత ఈ-ఆఫీసులో ఫైలు మీదికి ఎక్కించే అలవాటు ఉద్యోగికి రక్షణ. బయటి జనం విషయంలో సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే గీత గీసింది. హాజరు కావాలని పోలీసులిచ్చే నోటీసుని చట్టం చెప్పిన పద్ధతిలోనే అందించాలి, వాట్సాప్‌లో పంపితే చెల్లదంది.

ఫొటోల సంగతి ఇంకొక్క మాట. సాయం అందుకుంటున్నవాళ్ల ముఖాలు, రిప్లైల్లో జనం రాసేసే ఫోన్ నంబర్లు, ఆధార్ కార్డు బొమ్మలు బహిరంగంగా పడి ఉంటున్నాయి. కష్టంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం ఎప్పుడో చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. వివరాలు పర్సనల్ మెసేజ్‌లో పంపమని అడగడం ఆఫీసుకి ఒక్క నిమిషం పని.

2020 మే 7 తెల్లవారుజామున

ఈ మొత్తం విషయంలో ప్రాణాలతో ముడిపడినది అత్యవసర సమాచారం. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి బయటికొచ్చింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. 12 మంది చనిపోయారు. ఆ ఉదయం జీవీఎంసీ ట్వీట్ చుట్టుపక్కలవాళ్లని జాగ్రత్త కోసం ఇళ్లలోంచి బయటికి రావద్దని కోరింది. అదే సమయంలో అక్కడ సహాయక సిబ్బంది ఇళ్ల తలుపులు పగలగొట్టి జనాన్ని బయటికి తరలిస్తున్నారు. గ్యాస్ ప్రమాదంలో ఎవరు లోపలే ఉండాలి, ఎవరు వెళ్లిపోవాలి అన్నది దూరాన్ని బట్టి, గాలిని బట్టి మారుతుంది. అందరికీ కలిపి ఒక్క వాక్యం చెబితే కొందరికి అది తప్పు సలహా అవుతుంది. ఎవరి తప్పని తేల్చడం కంటే, ఏ వీధివాళ్లకి ఏం చెబుతున్నామో విడదీయని ప్రకటనలో ఎంత ప్రమాదముందో చూడమంటున్నాను.

ఆ రోజు అర్ధరాత్రి మళ్లీ గ్యాస్ లీకవుతోందన్న మాట ఫోన్లలో పాకింది. దూరపు కాలనీలవాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చేశారు. దగ్గరివాళ్లని ముందుజాగ్రత్తగానే తరలిస్తున్నాం, మిగతావాళ్లు కంగారు పడొద్దని పోలీసులు చెప్పేసరికి జనం చాలా దూరం నడిచారు.

వాన సాయంత్రం ప్రకటన ఎలా ఉంటే పనికొస్తుందో చిన్న ఉదాహరణ చూడండి. "భారీ వర్షాల దృష్ట్యా ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా విజ్ఞప్తి." ఇది చదివినవాడు ఏం చేయాలి? ఇప్పుడిలా ఉందనుకోండి: "జూలై 14, సాయంత్రం 6.20. జ్ఞానాపురం వంతెన కింద మోకాలి లోతు నీళ్లున్నాయి. బైకులు, ఆటోలు అటు వెళ్లొద్దు. తర్వాతి సమాచారం 7 గంటలకి." చివరి వాక్యానికి నేను ఎక్కువ విలువిస్తాను. తర్వాతి మాట ఎప్పుడొస్తుందో తెలిస్తే జనం ఈలోపు ఫార్వర్డుల మీద ఆధారపడరు. తేదీ, టైము ఫొటోలోనే ఉండాలి. లేకపోతే అదే బొమ్మ వచ్చే ఏడాది వానకి కొత్త వార్తలా తిరుగుతుంది. ప్రెస్‌నోట్‌ని స్కాన్ చేసి బొమ్మగా మాత్రమే పెడితే, చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించడం కష్టం.

పుకార్లని ఎవరు ఆపాలన్న దగ్గర మళ్లీ రెండు పక్షాలు. అబద్ధం క్షణంలో ఊరు చుట్టేస్తుంది కాబట్టి ఇది అబద్ధమని ప్రకటించే అధికారం తమకుండాలని ప్రభుత్వాలు అంటాయి. కేంద్రం 2023లో ఐటీ నిబంధనలు సవరించి, తన పనులకి సంబంధించిన సమాచారంలో ఏది తప్పో తేల్చే విభాగానికి వీలు కల్పించింది. తన మీద వచ్చిన మాటకి తనే జడ్జీనా అన్నది ఎదుటివారి ప్రశ్న. బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో ఆ సవరణని కొట్టేసింది. సోషల్ మీడియా రాతల మీద కేసులకి ఎక్కువగా వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే రద్దు చేసింది. అయినా ఎల్‌జీ పాలిమర్స్ ప్రమాదంపై ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద 2020లో వేరే సెక్షన్ల కింద సీఐడీ కేసు పెట్టింది. పుకారు ఏది, ప్రశ్న ఏది అన్న తేడా ప్రభుత్వ ఖాతా నడిపేవాళ్లకి ప్రతిరోజూ ఎదురవుతుంది. పుకారుకి జవాబు టైముతో సహా నిజం చెప్పడం. ప్రశ్నకి జవాబు వివరం ఇవ్వడం.

టవర్లు పడిపోయిన రోజు

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది, గంటకి 180 కిలోమీటర్ల గాలి. కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది. మర్నాడు నడిచి వెళ్లి చూసొచ్చినవాళ్ల నోటి మాటే మాకు వార్త. జనరేటర్ ఉన్న చోట గుంపులుగా ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం, సిగ్నల్ ఎప్పుడొస్తుందో తెలియకపోయినా. రాష్ట్రంలో ఎంత మంచి ఖాతా ఉన్నా ఆ రోజుల్లో మా వీధికి చేరేది కాదు.

వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్న ఊరు మనది. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 1, 2 దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి. 3, 4 పోర్టుకి దగ్గరగా గాలివానల గురించి. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం. టీవీలో మనం వినేది ఎక్కువగా ఇక్కడిదాకే. 11కి అర్థం మాత్రం వేరు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదముందని ఇక్కడి అధికారే భావిస్తున్నాడు అని. కబురు రావడం లేదన్న సంగతిని కూడా చెప్పడానికి ఒక నంబరు కేటాయించి పెట్టారు పాతకాలం వాళ్లు. పగలైతే గుర్తులతో, రాత్రయితే దీపాలతో.

ప్రతి ప్రభుత్వ ఖాతాకీ ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, రిప్లై ఎవరు ఇవ్వాలి, సెలవులో ఉంటే ఎవరు చూడాలి. ఆ కాగితం చివర్లో ఇంకో గడి గీసి, అందులో పేర్లు రాసి ఉంచడం కుదిరే పనే: టవర్లు పోతే పెదజాలరిపేటకి మైకు పట్టుకుని ఎవరు వెళ్తారు, ఫిషింగ్ హార్బర్‌కి ఎవరు, కొండవాలు కాలనీలకి ఎవరు.